తొమ్మిదడుగుల రెండంగుళాలు

లైప్‌జిగ్
14 జూన్ 2020

తాయారూ,

మీ అన్నయ్యను. బతికే ఉన్నాను. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది నువ్వు నిదానంగా చదువుకుంటావు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నాకు ఫోన్లో మాట వినపడటం లేదు. చెవి మిషను ఇక్కడికొచ్చిన నెలకే మూగబోయింది. బాగుచేసే కొట్టు మూసేశారు. ఇప్పుడు నేను అరిస్తేగాని నా మాట నాకే వినపడదు. అరవడానికి ఈ ఇంట్లో వీల్లేదు. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో అల్లుడు సుమంత్ మీటింగు, ఇంకోదాంట్లో రాజ్యశ్రీ మీటింగు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నేను వంటింట్లో కుర్చీ మీద. కుక్కరు కూడా విజిల్ వేయకూడదు. నాలుగేళ్ళ మనవరాలు గీతిక మూతి మీద వేలు పెట్టి "లైజె, తాతా, లైజె" అంటుంది. మెల్లగా అని దానర్థం. నలభై ఏళ్ళు కంకర మిల్లరు పక్కన నిలబడి కేకలేసి పని చేయించినవాణ్ణి, ఇప్పుడు గరిటె గిన్నెకి తగలకుండా అన్నం పెట్టుకుంటున్నాను. చప్పుడు కాకుండా మాట్లాడే పని ఇదొక్కటే కనబడింది. కూడబలుక్కుని రాసిన రాత, ఓపిగ్గా చదువు.

మూడు నెలలకని వచ్చాను. మీ వదిన కమల పోయాక, ఒక్కరూ ఏం చేస్తారు, రండి నాన్నా అని రాజ్యశ్రీ అంటే ఫిబ్రవరిలో ఎక్కాను. మార్చిలో విమానాలు ఆగాయి. రెండుసార్లు టికెట్టు కొన్నారు, రెండుసార్లూ రద్దయింది.

అసలు సంగతి మన షెల్టరు కేసు. విచారణ వీడియోలో పెడతారని లాయరు రవీంద్రనాథ్ గారు సుమంత్‌కి కబురు చేశారు. బావ వాటాకి నువ్వే కూర్చోవాలి. మా ఇంటి బీరువా పై అరలో నీలం అట్ట ఫైలుంది, ఆయనకి అప్పజెప్పు. బావ నీకు కేసు ఏమాత్రం చెప్పాడో తెలీదు కాబట్టి నేను చెప్తాను.

సముద్రం ఒడ్డున తుఫాను షెల్టరు కట్టే గవర్నమెంటు పని మా ఇద్దరి పేర వచ్చింది. డ్రాయింగులో పునాది అయిదడుగులు. అయిదడుగులు తవ్వేసరికి బురద. గుప్పెట పడితే వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది. ఏ.ఈ. గారు వచ్చి చూసి "గట్టి నేల తగిలేదాకా దిగిపోండి, పని ఆపకండి, కాగితం వెనకాల వస్తుంది" అన్నాడు. అది ఆగస్టు. అక్టోబరులో తుఫాన్లు మొదలు. నేను ఆపలేదు. పదకొండు రోజులు రెండు ఇంజన్లతో నీళ్ళు తోడించాను. తొమ్మిదడుగులు దాటాక గునపం ఖంగుమంది. అక్కణ్ణుంచి లేపాను. కాగితం రాలేదు. ఏ.ఈ. గారికి బదిలీ వచ్చింది. బిల్లు అయిదడుగులకే ఇచ్చారు. మారిన పనికి డబ్బులేవంటే, మారినట్టు రాతేదీ అన్నారు. బావ దాని కోసమే మూడేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి పోయాడు.

రాత లేదు. పునాది ఉంది. విచారించే మధ్యవర్తికి ఆ ముక్క చెప్పు.

మాస్కు ముక్కు మీదకి పెట్టుకో, గడ్డం కింద కాదు.

వాసుదేవరావు


కాకినాడ
19 జూలై 2020

అన్నయ్యకి తాయారు నమస్కారాలు.

నీ ఉత్తరం ముప్పై రెండు రోజులకి చేరింది. పోస్టుమాన్ గేటు మీద పెట్టి అవతలికి గెంతి "జర్మనీ నుంచమ్మా, ఎండలో పెట్టి తీసుకోండి" అని కేకేశాడు. వడియాల్లాగా రెండు గంటలు పిట్టగోడ మీద ఎండబెట్టి చదివాను.

నువ్వు నాకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నా పెళ్ళయిన కొత్తలో ఎన్ని రాశాను! ఒక్కదానికీ జవాబివ్వలేదు, మనిషివే వచ్చి వాకిట్లో నిలబడేవాడివి. అంత నిశ్శబ్దంగా ఎలా ఉంటున్నావో దేవుడా అనిపించింది. మా వీధిలో ఆరుకల్లా పోలీసులు తోలేస్తున్నారు. నేనూ గోడల్తోనే మాట్లాడుతున్నాను. అంగన్వాడీలో పిల్లల్ని అరిచి అరిచి ఇన్నేళ్ళు గడిపి, రిటైరయ్యాక ఇదీ.

ఫైలు అప్పజెప్పాను. రవీంద్రనాథ్ గారు మంచివారే గాని మాట పూర్తి చెయ్యరు. విచారణ రోజు వాళ్ళ ఆఫీసులోనే తెర ముందు కూర్చోమన్నారు.

అన్నయ్యా, నాకు డబ్బు మీద ఆశ లేదని చెప్పను. కానీ అది తర్వాత. మీ బావని మన వాళ్ళే ఏమన్నారో నీకు తెలుసు. లేని బాకీ కోసం సంచీ భుజాన వేసుకుని తిరిగే పిచ్చాడు అన్నారు. కర్మ రోజున కూడా ఆ మాట నా చెవిని పడింది. ఆయన పిచ్చాడు కాడని ఎవరో ఒకరు కాగితం మీద రాస్తే చాలు, దాన్ని ఫొటో పక్కన పెట్టుకుంటాను.

నీ చెవి మిషను బాగుచేయించుకో.

తాయారు


లైప్‌జిగ్
23 ఆగస్టు 2020

తాయారూ,

నీ ఉత్తరం మీద సుమంత్ గుమ్మంలోనే ఏదో మందు చల్లాడు. కింద నాలుగు వరసలు అలుక్కుపోయాయి. పిచ్చాడు అన్న మాట మాత్రం బాగా కనపడింది. అన్నవాళ్ళ పేర్లు రాయి, వచ్చాక మాట్లాడతాను.

వంటింటి కిటికీలోంచి ఎదురు వీధిలో ఒక సైటు కనిపిస్తుంది. నా కాలక్షేపం అదే. నలుగురే మనుషులు, మిగతాదంతా మిషన్లు. మొన్న పునాది తవ్వుతుంటే కింద ఏదో పాతకాలం గోడ తగిలింది. మేస్త్రీ చెయ్యెత్తాడు. అంతే, అన్నీ ఆగిపోయాయి. ఫొటోలు తీశాడు, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు, మిషను తాళం చెవి జేబులో వేసుకుని టీ తాగడానికి పోయాడు. తొమ్మిది రోజులు ఎవడూ పార ముట్టుకోలేదు. సుమంత్ కనుక్కుని చెప్పాడు. ఇక్కడ పని మారితే వేరే కాగితమట, నాఖ్‌ట్రాగ్ అంటారట. మారిందేమిటో, ధరెంతో రాసి రెండువైపులా సంతకాలయ్యాకే మళ్ళీ మొదలు.

"మీరూ అలా ఆపేసి ఉంటే గొడవే లేకపోను కదా మామయ్యా" అన్నాడు.

"ఇక్కడ తుఫాను వస్తుందా?" అన్నాను.

"రాదు."

"అయితే ఆపుకోవచ్చు."

కుర్రాడు మంచివాడే. లెక్క ప్రకారం అతని మాటే రైటు. కానీ సముద్రం ఒడ్డున తవ్విన గుంట నీళ్ళతో నింపి, తాళం జేబులో వేసుకుని, ఊళ్ళో వాళ్ళని ఈ ఏడాదికి ఎగిరిపోండి అనడం నా వల్ల కాదు.

ఇక్కడ మెట్ల మీద ఎవరైనా ఎదురైతే హలో అని గోడకి అతుక్కుపోతారు. నెల రోజులుగా నా పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. విచారణ అయ్యాక ఏం జరిగిందో పొల్లు పోకుండా రాయి.

వాసుదేవరావు


కాకినాడ
20 సెప్టెంబరు 2020

అన్నయ్యా,

పొల్లు పోకుండా రాయమన్నావు. రాస్తున్నాను.

పదిహేనో తారీఖున విచారణ జరిగింది. మధ్యవర్తి రిటైరైన పెద్ద ఇంజనీరు, తెల్ల గడ్డం. రవీంద్రనాథ్ గారు పునాది గురించి బాగానే చెప్పారు. అప్పుడు డిపార్టుమెంటు లాయరు ఒక కాగితం తెర మీద పెట్టాడు. 2014 నవంబరు 18 తారీఖు. ఫైనల్ బిల్లు పూర్తిగా ఒప్పుకున్నాను, ఈ పని మీద నాకింకేమీ రావలసింది లేదు, ఇక మీదట ఏమీ అడగను అని ఇంగ్లీషులో ఉందట. కింద నీ సంతకం. రవీంద్రనాథ్ గారు నాకేసి తిరిగి "ఇదొకటుందని నాకు చెప్పరేమమ్మా?" అన్నారు. నాకు తెలిస్తేగా చెప్పడానికి. పదిమందిలో తల కొట్టేసినట్టయింది.

ఆ తారీఖు నాకు గుర్తే. మీ బావ గాల్‌బ్లాడర్ ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నారు.

ఆ సంతకం నీదేనా? అవునో కాదో రాయి చాలు.

తాయారు


లైప్‌జిగ్
16 అక్టోబరు 2020

తాయారూ,

సంతకం నాదే. నేను ఇంకొకరి సంతకం పెట్టను, నా సంతకం కాదనను.

ఇక దాని గురించి అడగకు.

ఇక్కడ చలి మొదలైంది. ఎదురు సైటులో స్లాబు వేశారు. గోంగూర దొరకదు, సీసాలో పచ్చడి దొరుకుతుంది, అందులో గోంగూర లేదు.

వాసుదేవరావు


లైప్‌జిగ్
6 డిసెంబరు 2020

తాయారూ,

జవాబు లేదు. సరే.

విమానాలు కొన్ని తిరుగుతున్నాయట. రాజ్యశ్రీ టికెట్టు చూస్తానంటే వద్దన్నాను. సిమెంటు తిన్న ఊపిరితిత్తులు, ఇప్పుడు ప్రయాణం మంచిది కాదని ఇక్కడి డాక్టరు కూడా రాసిచ్చాడు. వీసా పొడిగించడానికి టెర్మిన్ దొరకాలి, అంటే వాళ్ళిచ్చిన రోజున వాళ్ళ ఆఫీసుకి పోవాలి. దాని కోసం రోజూ కంప్యూటర్లో వెతుకుతున్నారు.

నిన్నంతా మంచు పడింది. మంచు పడితే చప్పుడుంటుందనుకున్నాను. ఏమీ ఉండదు. ఇంట్లో లాగే.

ఇంటికి ఫోన్ చేసి నీ సంగతి కనుక్కోమని రాజ్యశ్రీకి చెప్పాను. "అత్తయ్య బాగానే ఉంది నాన్నా" అంది. బాగానే ఉండి రాయడం లేదంటే నాకర్థమైంది.

నీ ఇష్టం.

వాసుదేవరావు


కాకినాడ
31 డిసెంబరు 2020

అన్నయ్యకి,

నేను బాగానే లేను. నవంబరులో నాకు కరోనా వచ్చింది. పదహారు రోజులు ఆసుపత్రిలో బోర్లా పడుకోబెట్టారు. నీకు చెప్పొద్దని రాజ్యశ్రీ దగ్గర నేనే మాట తీసుకున్నాను. నా పక్క మంచం ఆవిడ ఇంటికి పోలేదు. అక్కడ పడుకుని నేను ఆలోచించినదంతా ఇప్పుడు రాస్తాను, కోపమొస్తే రానీ.

సంతకం నాదే, ఇక అడగకు! ఎవరితో అంటున్నావా మాట? నీ దగ్గర పని చేసే కూలీననుకున్నావా? కాగితం పెట్టిన వారానికే మీ ధరావతు సొమ్ము విడుదలైందని డిపార్టుమెంటువాళ్ళు లెక్క చూపించారు. ఆ నెలాఖరుకే రాజ్యశ్రీ చదువుకని జర్మనీ విమానమెక్కింది. నేను అంగన్వాడీ టీచర్నే అయినా రెండూ రెండూ కలపడం వచ్చు. కూతురి ఫీజు కోసం కేసు అమ్మేసుకున్నావు. అమ్ముకుంటే అమ్ముకున్నావు, ఆ మాట మీ బావకి చెప్పి ఉంటే ఆయన మూడేళ్ళు ఎండలో తిరిగేవారు కాదు కదా! ఆపరేషనైన మర్నాడు, కడుపు మీద కుట్లతో, "వాసు ఒక్కడే వెళ్ళాడా ఆఫీసుకి? ఒక్కడే వెళ్ళాడా?" అని లేవబోయారు. సెలైను సూది ఊడిపోయింది. ఆయన నిన్ను డబ్బు దగ్గర నమ్మడం లేదేమోనని ఆ రోజు ఆయన మీద కోపం తెచ్చుకున్నాను. నీ కోసం!

ఇప్పుడు విమానాలున్నా రానంటున్నావు. రావులే. ఏ మొహంతో వస్తావు.

తాయారు


లైప్‌జిగ్
31 జనవరి 2021

తాయారూ,

పదహారు రోజులు నువ్వు బోర్లా పడుకుని లేస్తే నేనిక్కడ మంచు గురించి రాశాను. రాజ్యశ్రీని తిట్టాను. ఆ అమ్మాయి ఏడ్చింది. తర్వాత నేను వంటింట్లోకి పోయి కూర్చున్నాను.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పలేదు. కమలకి కూడా.

పన్నెండో తారీఖున వీసా టెర్మిన్ అయింది. అద్దం వెనక ఒకావిడ రెండు పేజీల కాగితం, పెన్ను తోసింది. నేను కళ్ళజోడు తీసి పెట్టుకున్నాను. పైనుంచి కిందికి చూశాను. పేజీ తిప్పాను. రెండో పేజీ చూశాను. ఊఁ అని పెన్ను మూత తీశాను. ఆవిడ రాజ్యశ్రీతో ఏదో అంది. "నాన్నా, మీకిది చదివి వినిపించాకే సంతకం పెట్టాలట. మాట మాటా నేను చెప్తాను" అంది రాజ్యశ్రీ. "అక్కర్లేదు, చూశాను" అన్నాను.

"నాన్నా, అది జర్మన్."

అద్దం వెనకావిడ ఏమీ నవ్వలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది. రాజ్యశ్రీ చదువుతుంటే నా చెవులు కాలిపోయాయి. ట్రాములో వస్తుంటే మాస్కుతోనే నా చెవి దగ్గరకొచ్చి అంది, "నా ప్రోగ్రెస్ కార్డులు కూడా ఇలాగే చూసేవారు నాన్నా." దానికి ఎప్పట్నుంచో తెలుసు.

తెలుగు రాత్రిబడిలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు నాకు అంకెలు తప్ప ఒక్క ముక్క రాదు. గవర్నమెంటు కాగితం ఎంతసేపు చూడాలో తెలుసు, అంతే. ఒక పేజీ అయితే పదిహేను అంకెలు లోపల లెక్కపెట్టుకుంటాను. పెద్దదైతే ముప్పై. మధ్యలో ఒకసారి వెనక్కి వెళ్ళి ఒక వరస మీద వేలు పెట్టాలి, అప్పుడు గుమాస్తాలు భయపడతారు. ఇంట్లో మిగతావన్నీ బావ చదివేవాడు, నాకు చెప్పినట్టు కాకుండా తనలో తను గొణుక్కుంటున్నట్టు పైకి చదివేవాడు. నాకు తెలీదన్న సంగతి ఆయనకి తెలుసని నాకు తెలుసు. మేమిద్దరం ఆ మాట ఎప్పుడూ అనుకోలేదు.

ఆ నవంబరు పద్దెనిమిదిన ఆయన లేడు. ఆఫీసులో చిన్న కాంట్రాక్టర్లు ఇరవై మంది నిలబడున్నారు. పెద్ద గుమాస్తా శ్యామలాదేవి గారు "నిదానంగా చదువుకోండి వాసుదేవరావు గారూ" అని కుర్చీ కూడా వేయించింది. చదువుకున్నాను. ముప్పై దాకా లెక్కపెట్టి సంతకం పెట్టాను. బావకి ధరావతు కాగితమని చెప్పాను. నేను అనుకున్నదీ అదే.

ఎం.టెక్ చదివిన సుమంత్, అద్దె ఇంటివాళ్ళు జర్మన్‌లో పంపిన ఉత్తరం పట్టుకుని పై అంతస్తు ముసలావిడ దగ్గరికి పోయి "ఇదేమిటి, నాకర్థం కాలేదు" అని అడుగుతాడు. కొంచెం కూడా సిగ్గు పడడు. నేను మెట్ల దగ్గర నిలబడి ఎన్నోసార్లు చూశాను. నాకా మాట డెబ్బై ఒక్క ఏళ్ళకి కూడా నోట్లోంచి రాలేదు.

అమ్ముకోలేదు తాయారూ. అమ్ముకున్నవాడికి ఏం అమ్మాడో తెలిసుంటుంది.

ఈ ఉత్తరం రవీంద్రనాథ్ గారికి చూపించాలంటే చూపించు.

వాసు


కాకినాడ
21 మార్చి 2021

అన్నయ్యా,

ముందు నీ మీద కోపం తీర్చుకుంటాను. నా కళ్ళెదురుగా ముప్పై ఏళ్ళు కాగితాలు అటూ ఇటూ తిప్పావు! నా సర్వీసు ఆర్డరు కూడా చూసి "బానే ఉంది, తప్పుల్లేవు" అన్నావు. నేను అది పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చాను. నీ ధైర్యం చల్లగుండ!

తర్వాత మీ బావ ఫొటో ముందు కూర్చుని ఏడ్చాను. ఒక్కడే వెళ్ళాడా అని ఆయన ఎందుకు లేవబోయారో ఇప్పుడు తెలిసింది. ఆరేళ్ళు ఆ మాటని తప్పుగా మోశాను. నాకు కూడా చెప్పకుండా నీ గుట్టు పట్టుకుపోయారు మహానుభావుడు.

రవీంద్రనాథ్ గారు నీ ఉత్తరం రెండుసార్లు చదివారు. "ఇది మొదటే చెప్పుంటే..." అని యథాప్రకారం ఆపేశారు. మళ్ళీ విచారణ అడిగారు. నువ్వు తెర మీదకొచ్చి ఇదంతా నోటితో చెప్పాలి. వాళ్ళు అడ్డంగా ప్రశ్నలు వేస్తారు. చెప్పగలవా?

ఇంకో సంగతి. పునాది తవ్వి చూపిస్తామని మేము అడిగితే మధ్యవర్తి ఒప్పుకున్నారు. మొన్న పద్దెనిమిదిన రెండు పక్షాల వాళ్ళ ఎదుట ఒక స్తంభం పక్కన తవ్వించాం. షెల్టరులో ఇప్పుడు క్వారంటైను మంచాలు వేశారు, తలుపులు తీసే ఉన్నాయి. నేను పొద్దున్నుంచి మధ్యాహ్నం రెండు దాకా గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డాను. డిపార్టుమెంటు కుర్రాడు టేపు పట్టుకుని లోపలికి దిగి, అడుగు తగిలాక పైకి చూసి, మళ్ళీ కొలిచాడు. తొమ్మిదడుగుల రెండంగుళాలు. గుంటలోంచే నాకు నమస్కారం పెట్టాడు. ఎందుకు పెట్టాడో నాకు తెలీదు, నేనూ పెట్టాను.

ఏ మొహంతో వస్తావు అని రాశాను. కొట్టేసుకో ఆ ముక్క.

తాయారు


లైప్‌జిగ్
25 ఏప్రిల్ 2021

తాయారూ,

టీవీలో మన దగ్గర చితులు చూపిస్తున్నారు. గడప దాటకు. బియ్యం, పప్పు తెప్పించుకుని తలుపేసుకో. ఇది మొదటి మాట. మిగతాది తర్వాత.

ఇరవయ్యో తారీఖున విచారణ. సుమంత్ సెలవు పెట్టి నా పక్కన కూర్చున్నాడు. కొత్త చెవి మిషను వచ్చింది గాని లాప్‌టాప్‌లో గరగరమంది, అందుకని అతనే నా చెవిలో అరిచి చెప్పాడు, నేను అరిచి జవాబు చెప్పాను. ఏడాదిలో మొదటిసారి ఈ ఇంట్లో నా గొంతు లేచింది. గీతిక పక్క గదిలోంచి వచ్చి నిలబడి చూసింది, లైజె అనలేదు.

చెప్పాను. ఇంగ్లీషు చదవడం రాదు, చదివినట్టు చూస్తాను అని చెప్పాను. అల్లుడి ముందు, నీ ముందు, ఆ తెల్లగడ్డం ఆయన ముందు.

"ముప్పై ఏళ్ళు గవర్నమెంటు కాంట్రాక్టులు చేశారు, ఇంగ్లీషు రాదంటే నమ్మమంటారా?" అన్నాడు వాళ్ళ లాయరు.

"మీరు యాభై ఏళ్ళుగా ఇళ్ళల్లో ఉంటున్నారు, ఇటుక పేర్చడం వచ్చా?" అన్నాను.

మధ్యవర్తి నవ్వాడని సుమంత్ చెప్పాడు. నాకు కనపడలేదు.

తర్వాత శ్యామలాదేవి గారిని పిలిచారు. నువ్వూ విన్నావుగా. "వాసుదేవరావు గారు అందరిలా కాదండి. ప్రతి కాగితం పూర్తిగా చదివే సంతకం పెడతారు. ఒక్కోసారి వెనక్కెళ్ళి ఒక లైను మీద వేలు పెట్టి మళ్ళీ చదువుతారు. ఆయనొస్తే మేమంతా జాగ్రత్తగా ఉండేవాళ్ళం" అంది. ఎంతో గౌరవంగా అంది. ఆవిడ అబద్ధమాడలేదు తాయారూ. ఆవిడ చూసిందే చెప్పింది. నేను చూపించిందే చూసింది.

లాప్‌టాప్ మూసేశాక సుమంత్ కాఫీ పెట్టి తెచ్చాడు. వాడు కాఫీ పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. బాగోలేదు. తాగాను.

గడప దాటకు.

వాసు


కాకినాడ
4 జూలై 2021

అన్నయ్యా,

తీర్పు వచ్చింది. రవీంద్రనాథ్ గారు ఫోన్ చేసి "పోయిందమ్మా" అన్నారు. అంతే. ఈసారి మాట పూర్తయింది.

ఇరవై ఆరు పేజీలు, అంతా ఇంగ్లీషు. నాకు బస్సు బోర్డులు చదివేటంత ఇంగ్లీషే వచ్చు. చివరి పేజీలో కొట్టేసినట్టు ఉందని చెప్పారు. నీ సంతకమే అడ్డమట. దీంతో పాటు నకలు పెడుతున్నాను. పై కోర్టుకి వెళ్ళాలంటే ఇద్దరం ఒక కాగితం మీద సంతకాలు చేయాలట, అదీ పెట్టారు. నేనింకా చేయలేదు. నువ్వు ఏమంటే అది.

వీధిలో ఈ రెండు నెలల్లో నలుగురు పోయారు. ఎదురింటి శాంత పోయింది, నీకు పూతరేకులు పంపేది, ఆ అమ్మాయే. చూడ్డానికి కూడా వెళ్ళనివ్వలేదు. వీధంతా నిశ్శబ్దంగా ఉంది. నువ్వు రాసిన వంటిల్లు గుర్తొచ్చింది.

నాకు ఏడుపు రాలేదు తీర్పు విని. మీ బావ ఫొటో తుడిచి పెట్టాను.

నువ్వొస్తే బాగుండును.

తాయారు


లైప్‌జిగ్
8 ఆగస్టు 2021

తాయారూ,

శాంత పోయిందని నమ్మలేకపోయాను. నా కంటే ముప్పై ఏళ్ళు చిన్నది.

తీర్పు అందింది. ఆదివారం రాజ్యశ్రీని కూర్చోబెట్టి మొత్తం చదవమన్నాను. "చివరి పేజీ చాలు కదా నాన్నా, మిగతాదంతా లాయర్ల గొడవ" అంది. మొత్తం చదువు అన్నాను. పొద్దున పదింటికి మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది. శ్యామలాదేవి గారు చెప్పింది మొత్తం రాశారు, వేలు పెట్టడంతో సహా. అక్కడ రాజ్యశ్రీ గొంతు తగ్గింది. గట్టిగా చదువు, వినపడదు అన్నాను.

రవీంద్రనాథ్ గారు నీకు చెప్పనిదొకటి ఉంది. పంతొమ్మిదో పేజీ. అక్కడ ఇలా రాశారు, రాజ్యశ్రీ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను: "పునాది తొమ్మిదడుగుల రెండంగుళాల లోతున గట్టి నేల మీద ఉన్నది. డ్రాయింగు కన్నా ఎక్కువ లోతు పని కాంట్రాక్టర్లు ఇద్దరూ నిజంగా చేశారు. ఆ పని అవసరమైనదే. ఆ పనికి డబ్బు కోరుతూ భాస్కరరావు గారు ఇచ్చిన అర్జీలు వాస్తవం మీద ఆధారపడినవే." తర్వాతి పేజీలోనే నా సంతకం వల్ల ఇవ్వడానికి వీల్లేదని తేల్చారు. అది వేరే సంగతి. కానీ బావ పేరు రాసి, ఆయన అడిగింది ఉన్నదాని కోసమే అని రాశారు తాయారూ. గవర్నమెంటు మధ్యవర్తి, ముద్ర వేసిన కాగితం మీద.

మళ్ళీ చదవమన్నాను. చదివింది. మూడోసారి కూడా చదివింది. నాలుగోసారి నేను అడగలేదు, తనే చదివింది. ఆ ముక్క ఎక్కడుందో చూపించమంటే వేలు పెట్టి చూపించింది. ఆ వరస మొత్తం మీద నాకు నేనుగా చదవగలిగింది తొమ్మిది అంకె, రెండు అంకె. చాలాసేపు చూశాను. ఈసారి లెక్కపెట్టుకోలేదు.

పంతొమ్మిదో పేజీ మూల మడిచి నీకు తిరిగి పంపుతున్నాను. పిచ్చాడు అన్నవాళ్ళకి చదివించు. పేర్లు నువ్వు రాయలేదు, రాయక్కర్లేదు.

పై కోర్టు సంగతి. వెళ్దామనే అనుకుంటున్నాను, నువ్వు సరేనంటే. డబ్బు నా సంతకం మింగింది, దాన్ని కక్కించే దారి ఏమైనా ఉందేమో చూద్దాం. అక్టోబరులో టికెట్టు తీయమన్నాను. ఊపిరితిత్తుల సంగతి డాక్టరు చూసుకుంటాడు, నిన్ను నేను చూసుకోవాలి.

లాయరు గారు పంపిన ఆ కాగితం ఇప్పుడు వంటింటి బల్ల మీద నా ఎదురుగా ఉంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో గుర్తు కూడా పెట్టారు. రాజ్యశ్రీ మీటింగులో ఉంది, సుమంత్ కూడా. ఇంకా రెండు గంటలు పడుతుందట. ఎవరైనా ఒకరు బయటికి రావాలి, ఇందులో ఏముందో నాకు చదివి చెప్పాలి. అందాకా కూర్చుంటాను.

వాసు